బొత్తాల సీసా

"ఈ చొక్కాకి బొత్తాం ఊడింది, కుట్టు," అని మా ఆయన మంచం దగ్గర్నుంచి విసిరితే ఆ చొక్కా వచ్చి సరిగ్గా నా ఒళ్ళో పడుతుంది. ఇన్నేళ్ళుగా ఆయన గురి తప్పలేదు. నిజానికి చెప్పక్కర్లేదు కూడా. ఊడిన బొత్తాం ఎక్కడున్నా నా కళ్ళు ముందు దాని మీదే పడతాయి. బస్సులో ముందు నిలబడ్డ మనిషి చొక్కా చేతి అంచున దారం వేలాడుతుంటే నా వేళ్ళు ఊరుకోవు.

నేను పనిచేసేది డ్రైక్లీనింగ్ షాపులో, వెనక గదిలో. ఆవిరికి మధ్యాహ్నానికల్లా మొహం ఉడికిపోతుంది. ఇస్త్రీ చేసి మడత పెట్టడం వరకే నా పని. కానీ బొత్తాం లేని బట్ట మడత పెట్టడం నాకు చేతకాదు. ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలో పాత బొత్తాలు వెతికి, రంగు కలిసింది చూసి కుట్టేస్తాను. జీతంలో దానికి పైసా కలవదు. బట్టలు తీసుకునేవాళ్ళు మురిసిపోయి, ముందు కౌంటర్లో కూర్చున్నాయనకి థాంక్స్ చెప్పి వెళ్తారు.

ఆ కౌంటర్ ఆయన పని మానేస్తున్నాడని తెలిసినప్పటి నుంచీ ఆ కుర్చీ నాదే అనుకున్నాను. ఫ్యాన్ కింద, వీధి కనపడే కుర్చీ. ఇంట్లో ఆ మాటంటే మా అత్తగారు, "నీలా ఒళ్ళు దాచుకోకుండా చేసేవాళ్ళకి కాక ఇంకెవరికిస్తారే?" అన్నారు. వెంటనే, "కాస్త నా మోకాళ్ళకి నూనె రాద్దూ," అన్నారు. మా ఇంట్లో మెచ్చుకోలు ఎప్పుడూ ఒంటరిగా రాదు.

కుర్చీ గడియారానికి ఇచ్చారు. నా పక్క బల్ల మీద ఇస్త్రీ చేసే ఆమెకి ఆ పేరు పెట్టింది నేనే. నాకంటే ఎంతో తర్వాత చేరింది. టైం అయిందా, ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకేసి, చేతులకి క్రీము రాసుకుని వెళ్ళిపోతుంది. బొత్తాం ఊడిన చొక్కాని ఊడినట్టే మడత పెడుతుంది. బస్సు వచ్చేదాకా బయట బెంచీ మీద కాళ్ళు చాపుకుని టీ తాగుతుంది, ఊరికే, దేని గురించీ కంగారు లేకుండా. నేను కిటికీలోంచి చూస్తూ కాలర్లు ఇస్త్రీ చేస్తుండేదాన్ని. కుళ్ళే. దాచుకోవడం దేనికి? కుర్చీ కంటే ముందే ఆ టీ మీద, ఆ నున్నటి చేతుల మీద కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. ఇప్పుడు కుర్చీ కూడానా?

ఇవాళ బట్టల కోసం వెనక గదిలోకి వచ్చింది. నేను మొహం తిప్పుకున్నాను.

"కోపమా అక్కా?"

"నాకెందుకమ్మా? రాసిపెట్టి ఉండాలి."

మేకుకి తగిలించిన నా స్వెట్టర్ వైపు చూసింది. పై బొత్తాం ఉండాల్సిన చోట పిన్నీసు. ఆ బొత్తాం నిన్ననే కోసి ఎవరిదో గోధుమరంగు కోటుకి కుట్టాను. సీసాలో సరైంది దొరకలేదు మరి.

"ఊరందరికీ బొత్తాలు, నీకు పిన్నీసా?" అంది.

నాకు తిక్క రేగింది. "నేను కుట్టనైనా కుడతాను. నీలా గడియారం చూస్తూ కూర్చోను."

ఆమె నవ్వలేదు. "నువ్వంటే నాకెంత కుళ్ళో తెలుసా అక్కా? చెప్పిన పనంతా చేసి కూడా, 'ఆవిణ్ణి చూసి నేర్చుకో' అని ఓనరు గారితో మాటలు పడ్డాను, పనిదొంగలాగ. అయినా ఈ కుర్చీ నీకే ఇవ్వమని చెప్పాను. ఏమన్నారో తెలుసా? 'ఆవిణ్ణి ముందుకి తెస్తే వెనక బొత్తాలు ఎవరు కుడతారు?' అన్నారు."

ఆమె బట్టలు తీసుకుని వెళ్ళిపోయింది. నా కుర్చీ కాళ్ళు నేనే కోసుకున్నానన్నమాట, అదీ సొంత కత్తెరతో. ఏడుపు వచ్చింది, ఆవిరి కదా, ఎవరికీ తెలియలేదు. గోధుమరంగు కోటు ఇంకా కొక్కేనికే ఉంది. దాని బొత్తాం కోసి తీసి నా స్వెట్టర్‌కి కుట్టుకున్నాను. టైం కాగానే ప్లగ్గు పీకి, సీసా సంచిలో వేసుకుని బయటికి నడిచాను. కౌంటర్లోంచి గడియారం నన్ను చూసింది. నేను బెంచీ మీద కూర్చుని టీ తాగాను. కాస్త చల్లారింది కానీ బాగుంది.

ఇంటికొచ్చి మళ్ళీ టీ పెట్టుకుని కూర్చుంటే మా ఆయన, "ఇదిగో, దీనికీ ఊడింది," అన్నారు. చెయ్యెత్తడం చూశాను. కప్పు పట్టుకుని లేచి పక్క కుర్చీలోకి మారాను.

చొక్కా నేల మీద పడింది. ఇన్నేళ్ళలో ఆయన గురి తప్పడం అదే మొదటిసారి.