నా చల్లని కడుపులో మిగిలినది

నేను ఒక అల్యూమినియం డబ్బాను. కాకినాడలో ఒక సంతాన సాఫల్య కేంద్రం మూడో అంతస్తులో, చివరి గదిలో నా కాపురం. నాతోపాటు ఒకే ఫ్యాక్టరీలో పుట్టినవాళ్ళంతా పశువుల ఆసుపత్రులకు పోయి ఆంబోతుల వీర్యం మోస్తున్నారు. నా నుదుట మాత్రం మనుషుల పిండాలు మొయ్యమని రాసిపెట్టి ఉంది. వారం వారం నాలో ద్రవ నత్రజని పోస్తారు. ఆ చలిలో, సన్నటి గొట్టాల్లో పిండాలు నిద్రపోతుంటాయి. ఇంత సైన్సు తెలిసిన ఈ మనుషులే దసరాకి నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొడతారు. నాకేం, ఆ ఒక్కరోజూ దర్జాగానే ఉంటుంది.

నాలో పిండాలు దాచుకున్నవాళ్ళలో ఇందుమతి ఒకతె. ఆమెది మేనరికం. "బయటి సంబంధం ఎందుకే, పిల్ల కళ్ళముందే ఉంటాది" అని అమ్మమ్మ పట్టుబట్టి మేనమామ కొడుకు ఫణికిచ్చి చేసిందట. ఇద్దరి రక్తంలోనూ ఒకే లోపం దాగి ఉందని అప్పుడెవరికీ తెలియదు. మొదటి పిల్ల వర్ణిక పుట్టుచెవిటి. అందుకే రెండో కాన్పుకి ఇక్కడికి వచ్చారు. రెండు పిండాలు నిలిచాయి. పరీక్ష చేస్తే ఒకటి వింటుందని, రెండోది వినదని తేలింది. వినేదాన్ని తీసి ఇందుమతి కడుపులో పెట్టారు. కొడుకు పుట్టాడు. ఆ సంబరంలో ఎవరో నా మూత మీద కూడా ఒక కాజా పెట్టిపోయారు.

రెండోది నాలోనే ఉండిపోయింది.

నాలుగేళ్ళ తర్వాత, దాన్ని ఇక అక్కర్లేదని తీసేయడానికి సంతకాలు పెట్టాలని మొగుడూ పెళ్ళాలు వచ్చారు. వెంట పదకొండేళ్ళ వర్ణిక. ఒక్కసారి చూసి పోతామంటే ల్యాబు చూసుకునే గ్లోరీ గారు నా గదిలోకి రానిచ్చారు. ఫణి గబగబా సంతకం చేసేశాడు. ఇందుమతి పెన్ను అందుకునేలోగా వర్ణిక కాగితం లాక్కుని చదివింది. కారణం అన్నచోట 'వినికిడి లోపం' అని ఉంది. పిల్ల చేతులు గాలిలో చకచకా కదిలాయి. నాకు సైగల భాష రాదు. ఇందుమతి ముఖం పాలిపోవడం మాత్రం చూశాను.

"ఏమంటోందండీ?" అన్నారు గ్లోరీ గారు.

"నాలాంటిదనేనా తీసేత్తన్నారు, అంటుందండి." ఇందుమతి పిల్ల చేతులవైపే చూస్తూ చెప్పింది. "తమ్ముడొచ్చాక ఇంట్లో అందరం నోటితోనే మాట్టాడేసుకుంటన్నామంట. చేతుల్తో మాట్టాడేవోళ్ళు తనకి ఒక్కళ్ళూ లేరంట."

"అలాగని తెలిసి తెలిసి ఇంకో బిడ్డని ఎలా కంటామండీ? దీన్ని బడిలో ఎంత ఏడిపించారో నాకు తెలుసు," అన్నాడు ఫణి.

అతని మాటా కాదనలేను, ఆ పిల్ల మాటా కాదనలేను. అక్కకు తోడు కావాలని ఒకరిని చెవిటిగా పుట్టించొచ్చా? చెవిటిదని పుట్టనివ్వకపోతే, ఎదురుగా నిలబడ్డ ఈ పిల్లకు ఏం చెప్పినట్టు? అసలు నాలో ఉన్నది బిడ్డా, ఒట్టి చుక్కా? ఇన్నేళ్ళు మోసిన నాకే తెలియదు. తల లేదు గానీ, ఉంటే తిరిగిపోయేది.

ఇందుమతి సంతకం పెట్టలేదు. కాగితం చింపనూ లేదు. మడిచి సంచిలో పెట్టుకుని, "ఇంకో ఏడాది ఉంచండమ్మా" అంది.

అందరూ బయటికి నడిచాక వర్ణిక వెనక్కి వచ్చింది. నాకు దగ్గరగా నిలబడి, చేతులతో నెమ్మదిగా ఏదో చెప్పింది. లోపలున్నదానికి ఇంకా కళ్ళు రాలేదు. నాకా భాష రాదు. చెప్పడం అయ్యాక, జవాబు కోసం ఆ పిల్ల కాసేపు అలాగే నిలబడింది.