దూది ఫోటో

ఆదివారం పొద్దున మెడలో కెమెరా పడగానే తాతాజీ నడకే మారిపోయేది. వారమంతా బీమా ఆఫీసులో తల వంచుకుని కాగితాలు చూసుకునే మనిషి, ఆ ఒక్క పూట మాత్రం తలెత్తుకుని, వెలుగు ఎటునుంచి పడుతోందో చూసుకుంటూ లాలాగూడ వీధుల్లో తిరిగేవాడు. అనకాపల్లి నుంచి ఉద్యోగానికని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. భార్య దేవిక దగ్గర్లోని ప్రైవేటు బళ్లో మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెబుతుంది.

మారేడ్‌పల్లిలో స్టూడియో నడిపే ఖలీల్, ఫోటోల సరదా ఉన్నవాళ్లను పోగేసి ప్రతి ఆదివారం ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్లేవాడు. ఒక వారం కాప్రా చెరువు గట్టు, ఇంకో వారం రైల్వే క్వార్టర్లు. ఆ గుంపులో తాతాజీకి ఒక పేరు పడింది, ‘రా తాతాజీ’ అని. ఎందుకంటే అతను జేపెగ్‌లో పొరపాటున కూడా ఫోటో తీసేవాడు కాదు.

“జేపెగ్ అంటే కెమెరాయే తనకు తోచినట్టు రంగులు దిద్ది, మిగతాదంతా పారేసి, మన చేతిలో పెట్టేది. రా అంటే అది చూసిందంతా చూసినట్టే దాచి ఉంచేది. దిద్దుకునే పని మనది. ఫోటోగ్రాఫరన్నవాడు ఆ పని ఇంకొకరికి వదలడు” అని కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పేవాడు.

చెప్పడం బాగానే ఉండేది. ఆ దిద్దుకోవడమే ఎప్పటికీ తెమిలేది కాదు. సాయంత్రాలు లాప్‌టాప్ ముందు కూర్చుని ఆకాశాన్ని కాస్త నీలం చేసేవాడు, మళ్లీ తగ్గించేవాడు. నీడల్ని పైకి తేల్చేవాడు, మళ్లీ ముంచేవాడు. చివరికి “ఇంకా పని ఉంది” అని మూసేసేవాడు. అతను తీసినవి వేలల్లో ఉన్నా, బయటివాళ్లు చూసినవి చాలా తక్కువ.

ఆ ఏడాది దేవిక బడి వార్షికోత్సవం నాడు, మాట్లాడుకున్న ఫోటోగ్రాఫరు చివరి గడియలో రానని ఫోన్ చేశాడు. దేవిక రొప్పుతూ ఇంటికొచ్చింది.

“ఏవండీ, కెమెరా ఒక్క పూట ఇస్తారేటి? పిల్లలు వేషాలు కట్టీసుకుని కూచున్నారు.”

తాతాజీకి ఇవ్వబుద్ధి కాలేదు. కాదనడానికి నోరూ రాలేదు. “నీకు రా గొడవ తెలీదు” అంటూ తనే జేపెగ్‌లో పెట్టి, మిగతాదంతా కెమెరాకే వదిలేసి, పట్టీ ఆమె మెడలో వేశాడు. “ఈ బటన్ నొక్కు. ఇంకేటీ ముట్టుకోకు.”

ఆమె ఇంకేమీ ముట్టుకోలేదు. ఆ సాయంత్రానికే ఫోటోలు పిల్లల తల్లిదండ్రుల ఫోన్లలోకి వెళ్లిపోయాయి. వాటిలో వేదిక మీది డాన్సుల కంటే తెర వెనకవే ఎక్కువ. సగం మీసం మాత్రమే దిద్దించుకున్న రాజుగారు సమోసా తింటున్నాడు. నెమలి వేషం కట్టిన పిల్ల తన ఈకలు తనే తొక్కేసుకుని, ఏడవాలో నవ్వాలో తెలియక చూస్తోంది. ఖలీల్ మనవరాలు కూడా ఆ బళ్లోనే చదువుతుంది. మర్నాడే అతను తాతాజీకి ఫోన్ చేశాడు.

“తాతాజీ భాయ్, గా నెమలి ఫోటో మీరు తీసిందా?”

“కాదు. మా ఆవిడ తీసింది.”

“అరె వాహ్! భాభీని సుత ఆదివారం తోల్కరాండ్రి. గిట్ల చూసే కన్ను అందరికి ఉండది భాయ్.”

ఇన్నేళ్లలో ఖలీల్ తన ఫోటోల్ని చూసి “సాఫ్‌గున్నది” అన్నాడు, “మస్తు మెహనత్ చేసిర్రు” అని కష్టాన్ని మెచ్చుకున్నాడు. కన్ను అనే మాట మాత్రం ఎప్పుడూ ఎత్తలేదని ఫోన్ పెట్టేశాక తాతాజీకి తట్టింది. అక్కడ మొదలైంది. ఖలీల్ రమ్మన్న సంగతి శనివారం దాకా దేవికకు చెప్పలేదు. చెప్పినప్పుడు కూడా, “నీకు ఎండ పడదు కదా, వస్తావా?” అని అడిగాడు.

వస్తానంది దేవిక. ఉన్నది ఒకటే కెమెరా. వంతులు వేసుకున్నారు. ఆమె వంతుకు జేపెగ్, అతని వంతుకు రా. వంతు మారినప్పుడల్లా తాతాజీ గొణుక్కుంటూ సెట్టింగ్ మార్చేవాడు. కాప్రా చెరువు దగ్గర అతను మోకాళ్ల మీద కూర్చుని నీళ్లలో నీడల కోసం ఎంతో సేపు కాచుకున్నాడు. తర్వాత కెమెరా అందుకున్న దేవిక, వల బాగుచేసుకుంటున్న ముసలాయనతో కాసేపు ఊరి సంగతులు మాట్లాడింది. ఆయన పంటితో దారం తెంపుతూ ఆమె మాటకు నవ్విన క్షణాన బటన్ నొక్కింది. అందరూ ఆమె చుట్టూ మూగారు. తాతాజీ కూడా మూగాడు, మెచ్చుకున్నాడు, నవ్వాడు. ఆ నవ్వు మొహం మీద నిలబెట్టేసరికి అతని దవడలు నొప్పెట్టాయి.

ఇంటికొచ్చాక ఆగలేకపోయాడు. “నీకేటి, కష్టం లేదు. అంతా కెమెరాయే వండి వడ్డిస్తోంది. దాన్ని నీ ఫోటో అనడానికి లేదు.”

దేవిక కూర తరుగుతోంది. “పెళ్లయిన కాడ్నుంచీ పచ్చి సరుకు తెచ్చి వండుతున్నది నేనే కదండీ. ఒక్క చోట ఇంకొకరు వండి పెడితే తినకూడదేటి?”

నవ్వుతూనే అంది. అతనికి నవ్వు రాలేదు. ఆ తర్వాత చిన్నచిన్న వాటికి కూడా ఒళ్లు మండటం మొదలైంది. అన్నం తింటుంటే ఆమె ఫోన్ మోగితే, ఎవరో మెచ్చుకుని ఉంటారని ముద్ద దిగేది కాదు. ఫోన్‌లో గుంపువాళ్లు ఫోటోలు పంచుకునే చోట ఆమె ఫోటో కింద ఒకసారి పొరపాటున వేలు తగిలి మెచ్చుకోలు గుర్తు పడిపోతే, గబుక్కున తీసేశాడు. తీసేశాక, చూసి ఉంటుందేమోనని వంటింటి వైపు తొంగిచూశాడు.

ఎండాకాలం సెలవులిచ్చాక ఖలీల్, మారేడ్‌పల్లిలో ఒక హాలు తీసుకుని ప్రదర్శన పెడదామన్నాడు. విషయం చేతిపనులు. మనిషికొక ఫోటో. దేవికకు వెంటనే జైతున్ బీ గుర్తొచ్చింది. లాలాగూడలో ఇమామ్ నడిపే పరుపుల దుకాణం ఉంది. అతని తల్లి జైతున్ బీ దుకాణం మీది డాబాపై పాత పరుపులు విప్పి, దూదిని ఎండలో పోసి కర్రతో కొడుతుంది. దేవిక వెళ్లి అడిగితే, ఆదివారం మధ్యాహ్నం రమ్మంది.

ముందురోజు సాయంత్రం బ్యాటరీ చార్జింగ్ పెట్టమని దేవిక కెమెరా అతనికిచ్చి వంటింట్లోకి వెళ్లింది. తాతాజీ బ్యాటరీ పెట్టాడు. తర్వాత మెనూ తెరిచాడు. జేపెగ్ మీద ఉన్న గుర్తును రా మీదకు జరిపాడు. ఆ ఫైళ్లు ఆమె ఫోన్‌లోకి ఎక్కవు. ఎవరికీ పంపడం కుదరదు. కంప్యూటర్‌లో తెరిస్తే రంగు దిగిన బట్టల్లా కనిపిస్తాయి. “నాకు చేతకాదులెండి” అని ఆమే కెమెరా తెచ్చి ఇచ్చేస్తుంది. ఆ మాట ఆమె నోటివెంట ఒక్కసారి వినాలనిపించింది.

మర్నాడు తోడు వస్తానని తనూ బయల్దేరాడు. ఇంట్లో కూర్చోలేకపోయాడు.

డాబా మీద ఎండ నిప్పులు చెరుగుతోంది. జైతున్ బీ తలకు తువ్వాలు చుట్టుకుని దూది రాశి ముందు నిలబడి ఉంది.

“ఫోటోల పడనీకి నేనేమన్న పెండ్లిపిల్లనా బిడ్డా? దూదిల దయ్యం లెక్క ఉన్న” అంది.

“మీ పని మీరు చేసుకోండమ్మా. నేను మీ జోలికి రాను” అని దేవిక పిట్టగోడ వారకు జరిగింది.

కర్ర లేచింది, పడింది. దూది గాలిలోకి ఎగిరింది. దేవిక ఒకటి రెండు తీసి చూసుకుని, ముసలావిడ మొహం నల్లగా పడుతోందని, ఈమధ్యే నేర్చుకున్న చక్రం తిప్పి వెలుగు పెంచింది. తాతాజీ చూస్తూనే ఉన్నాడు. అంత వెలుగు పెంచితే ఆ తెల్లటి దూది ఏమైపోతుందో అతనికి తెలుసు. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. మెట్ల మీద నిలబడి ఇమామ్‌తో దిండ్ల గురించి మాట్లాడాడు.

ఇంటికొచ్చి కెమెరా వెనక తెర మీద చూసుకున్న దేవిక మొహం వాడిపోయింది. “అయ్యో, దూదంతా సున్నం కొట్టినట్టు అయిపోనాదండీ. ఫోన్‌లోకి కూడా ఒక్కటీ ఎక్కట్లేదు.”

“రాలో పడినట్టున్నాయి. చూస్తాలే” అన్నాడు. చూడలేదు. ఒక రోజు ఆఫీసు పని అన్నాడు, ఇంకో రోజు తలనొప్పి అన్నాడు. చేతకాదనే మాట కోసం ఎదురుచూశాడు. ఆమె అనలేదు.

“పోనీ కార్డు ఖలీల్ భాయ్‌కి ఇచ్చీనా?” అంది చివరికి.

“అక్కర్లేదు” అని లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఆమె డాబా మీది బట్టలు తేవడానికి వెళ్లింది.

ఫోటో తెరిచాడు. తెల్లటి మచ్చ, దాని వెనక ఒక మొహం. అలవాటు కొద్దీ వెలుగు తగ్గిస్తూ వచ్చాడు. మచ్చ కరగడం మొదలైంది. ముందు కర్ర అంచు కనిపించింది. తర్వాత దూది, పీచు పీచుగా, విడివిడిగా, గాలిలో తేలుతూ. దాని మధ్యలోంచి జైతున్ బీ, కళ్లు చికిలించి, పెదాల మీద తెల్లటి నూగుతో, వేసిన దెబ్బకు తనే మురిసిపోతూ. తాతాజీ చెయ్యి ఆగిపోయింది. ఇంక దిద్దడానికేమీ లేదు. ఇన్నేళ్లలో తను తీసిన ఏ ఫోటో దగ్గరా అతని చెయ్యి అలా తనంతట తాను ఆగలేదు.

సంతోషం కలగాలి. కలిగింది మాత్రం మంట. కెమెరా వండిందనడానికి కూడా ఇప్పుడు వీల్లేదు. పచ్చి సరుకే ఇలా ఉంది. ‘లాభం లేదు, పోయాయి’ అనే మాట నాలుక మీదకొచ్చింది. మూసేద్దామని చెయ్యి జరిపాడు.

“అదేటండీ! వచ్చీసింది!” బట్టల మోపుతో వెనకే నిలబడి ఉంది దేవిక. ఎప్పుడొచ్చిందో అతను చూసుకోలేదు. “జేపెగ్ అయితే ఇంతలా వచ్చేది కాదు కదా? ఎండ మండిపోతాదని మీరే ముందుగా రాలో పెట్టారేటి? నాకు ఒక్క ముక్కయినా చెప్పలేదే!”

మోపు కింద పడేసి అతని భుజం పట్టుకుంది. తాతాజీ, “ఆఁ” అన్నాడు.

ప్రదర్శన రోజు హాల్లో ఆ ఫోటో ముందు జనం కదల్లేదు. దాని పక్కనే తాతాజీది, రైల్వే క్వార్టర్లలో తలుపు చెక్కుతున్న వడ్రంగి. వెలుగూ నీడా ఎక్కడివక్కడ సరిగ్గా ఉన్నాయి. చూసినవాళ్లు తలూపి, దూది ఫోటో దగ్గరికి జరిగారు.

ఖలీల్ దేవికను మాట్లాడమన్నాడు. ఆమె కొంగు సర్దుకుని లేచింది. “ఇందులో సగం మా ఆయనదండీ. ఎండ సంగతి ముందే ఊహించి కెమెరా సిద్ధం చేసిచ్చింది ఆయనే. లేకపోతే దూదీ ఉండదు, ఫోటో కూడా ఉండదు.”

చప్పట్లు కొట్టారు. ఖలీల్ వచ్చి కౌగిలించుకున్నాడు. “ఏం దిమాక్ భాయ్! దూదిని ఎట్ల బచాయించిర్రు!”

ఈ మెచ్చుకోలు కోసమే తాతాజీ ఏళ్లతరబడి కాచుకున్నాడు. తీరా వచ్చాక అది అరగలేదు. ఆమె ఎదురుగా నిలబడి తన పళ్లెంలోంచి సగం తీసి అతనికి వేసినట్టనిపించింది. దానం పుచ్చుకున్నట్టు అక్కడ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఇక ఉండబట్టలేకపోయాడు. మంచితనం పొంగి కాదు, ఆ సగం మొయ్యలేక.

“దేవికా, నేను ఎండ సంగతి చూసి పెట్టలేదు. నీకు ఫోటోలు రాకూడదని పెట్టాను. దూది తెల్లగా పోతుందని అక్కడే తెలుసు. చెప్పలేదు. ఆ సగం నాకొద్దు.”

దేవిక అతని వైపు తిరిగింది. “ఎందుకేటి?” అంది.

“నువ్వు బాగా తీస్తున్నావు. అందుకే.”

ఆమె మొహం బయటికి తిప్పుకుంది. ఇల్లు చేరాక అన్నం వడ్డించింది గానీ ఎదురుగా కూర్చోలేదు. కొన్నాళ్లు ఇంట్లో ఉప్పూ పప్పుల మాటలే నడిచాయి. తాతాజీ సర్దిచెప్పడానికి ప్రయత్నించాడు. “ఆ కబుర్లొద్దు” అందామె.

ఒక సాయంత్రం లాప్‌టాప్ తెచ్చి అతని ముందు పెట్టింది.

“ఆ రా ఫైళ్లు తెరవడం నేర్పండి. ఇకమీదట నా సెట్టింగ్ నేనే పెట్టుకుంటాను, నా ఫోటో నేనే దిద్దుకుంటాను. మీ చెయ్యి తగలకూడదు.”

నేర్పాడు. ఆమె తొందరగానే పట్టేసింది. ఎక్కడ ఆపాలో ఆమెకు చెప్పాల్సిన పని లేకపోయింది. ఇంకాస్త నీడ తేల్చమని అతను వేలు చూపిస్తే, “చాలు” అని మూసేసేది. బడి పిల్లలకైతే జేపెగ్, ఎండ చిక్కుగా ఉంటే రా. ఏది ఎప్పుడో ఆమె ఇష్టం. పక్కన కూర్చుని చూస్తున్న తాతాజీకి ఇది కూడా మంటగానే ఉండేది. అయితే ఇప్పుడు దాన్ని దాచుకోవడం మానేశాడు. “కుళ్లుగా ఉందే” అనేవాడు. “ఉండనీండి” అనేది ఆమె.

వానలు పడ్డాక ఒక ఆదివారం ఇద్దరూ లాలాగూడ వర్క్‌షాపు రోడ్డు మీద ఉన్నారు. సన్నటి తుంపర. ఒకాయన గొడుగు పట్టుకుని ఒంటి చేత్తో సైకిల్ తొక్కుకుంటూ వస్తున్నాడు. కెమెరా దేవిక దగ్గరుంది. తాతాజీ చెయ్యి చాచాడు.

“ఒక్కసారి ఇవ్వవా?”

“ఆగండి.” తీసింది. తర్వాత పట్టీ తప్పించి అతనికిచ్చింది. సైకిలాయన ఇంకా కనుచూపు మేరలోనే ఉన్నాడు. తాతాజీ తీశాడు.

చెట్టు కింద నిలబడి, తుంపర తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని రెండూ చూశారు. అతనిది నిటారుగా, శుభ్రంగా ఉంది. ఆమెదాంట్లో సైకిలాయన గొడుగు గాలికి తిరగబడబోతోంది, ఆయన దాన్ని తిడుతున్నాడు. తాతాజీ పట్టీ తప్పించి కెమెరా ఆమె చేతికిచ్చాడు.

“నీదే బాగుంది” అన్నాడు.

“తెలుసు” అంది దేవిక, తల ఎత్తకుండా.