కార్తీకమాసంలో ట్రౌట్

ఫణికి నిజానికి అబద్ధం ఆడటం చేతకాదు. ఆ సంగతి ఇర్వింగ్‌లో ఎవరూ నమ్మరు. అక్కడి తెలుగువాళ్ళందరిలో అతను కోతలరాయుడని ఏనాడో స్థిరపడిపోయింది.

దానికి కారణం ఒక చేప. పోయినేడాది ఆర్కన్సాలో, పెద్ద పెద్ద ట్రౌట్ చేపలకు పేరుమోసిన వైట్ రివర్‌లో, అతని గాలానికి మూరన్నర చేప పడింది. ఫోటో తీసేలోపు జారిపోయింది. అప్పట్నుంచీ ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్ళినా ఫణి చేతులు చాపి దాని పొడవు చూపించడం, జనం పొట్ట పట్టుకుని నవ్వడం. అందరికంటే గట్టిగా నవ్వేవాడు బావమరిది రఘువీర్. డెంటన్‌లో ఎమ్మెస్ చదువుతూ, శనాదివారాలు అక్క చేతి వంటకు వచ్చి వాలతాడు. తిన్నంతసేపూ బావను ఏడిపిస్తాడు.

"ఉగాదికి నీ చేప ఇంతే ఉండేది బావా. దసరాకి ఇంతైంది. మేత బాగా వేస్తున్నట్టున్నావ్!"

ఆ మాటకు ఫణికి పౌరుషం పొడుచుకొచ్చింది. పందెం వేశాడు. ఇద్దరూ కలిసి నదికి వెళ్ళాలి. రఘువీర్ కళ్ళముందే మూర దాటిన చేప పడితే, వనభోజనాల్లో మైక్ పట్టుకుని 'మా బావ మాట నిజం' అని వాడు ఒప్పుకోవాలి. పడకపోతే 'నా చేప అబద్ధం' అని ఫణి ఒప్పుకోవాలి.

చిక్కల్లా ఒక్కటే. ఆ నదిలో పెద్ద చేపలు గుడ్లు పెట్టడానికి కదిలేదే కార్తీకమాసంలో. అదే నెలలో ఫణి భార్య త్రివేణి, గ్రీన్ కార్డ్ రావాలని, రోజూ దీపం పెడుతోంది. నీచు తినడం మాట అటుంచి, గాలం కూడా ముట్టుకోనని ఆ దీపం ముందే మొగుడిచేత ఒట్టు వేయించుకుంది.

'తినను కదా! పట్టినదాన్ని పట్టినట్టే నీళ్ళలో వదిలేస్తాను, అక్కడి రూలూ అదే' అని ఫణి తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. కాసేపటికి ఆ పనిలో పుణ్యం కూడా కనిపించసాగింది.

"శనివారం ఆఫీసులో డిప్లాయ్‌మెంట్ పని ఉంది. ఇంటికి రావడం కుదరదు" అని త్రివేణికి చెప్పాడు. ఫోన్ వెంట ఉంటే మొగుడెక్కడున్నాడో ఆమె ఫోన్‌లో మ్యాప్‌మీద చుక్కై కనిపిస్తుంది. అందుకని శనివారం తెల్లవారుజామునే దాన్ని లాస్ కొలీనాస్ ఆఫీసులో, తన డెస్క్ సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఇంజనీరు బుర్ర మరి! మనిషి ఆర్కన్సాలో, చుక్క ఆఫీసులో.

మధ్యాహ్నానికి నది చేరారు. ఎగువనున్న డ్యామ్ అడుగునుంచి వచ్చే నీళ్ళు ఎముకలు కొరికేస్తున్నాయి. ఫణి ఛాతీదాకా రబ్బరు ప్యాంటు తొడుక్కుని నడుంలోతులో నిలబడ్డాడు. రఘువీర్ ఒడ్డున రాయిమీద కూర్చుని చిప్స్ నములుతూ, "బావా, మీ చుట్టం ఇంకా రాలేదా?" అని అడుగుతూనే ఉన్నాడు.

పొద్దు వాలుతుండగా దారం ఒక్క గుంజు గుంజింది. లాగితే తెగుతుంది, వదిలితే పోతుంది. ఫణి దాన్ని, చేప లాక్కెళ్ళినంత దూరం లాక్కెళ్ళనిచ్చి, అలిసినప్పుడల్లా కొంచెం కొంచెం చుట్టి, చివరికి వలబుట్టలోకి తెచ్చాడు. పసుపురంగు పొట్ట, వీపునిండా చుక్కలు. మోచేయి దగ్గర తోక పెడితే తల వేళ్ళు దాటి ఇంకో జానెడు పోయింది.

రఘువీర్ చిప్స్ పారేసి పరిగెత్తుకొచ్చాడు. "నీ అబ్బ, నిజమే బావా!" అంటూ తన ఫోన్‌తో టపటపా ఫోటోలు తీశాడు. ఫణి చేపను నీళ్ళలో మెల్లగా పట్టుకుని, "శివయ్యా, ఈ ఒక్కసారికి చూసీచూడనట్టు పో" అని గొణిగి వదిలాడు. అది తోకతో అతని మొహాన ఒక్కటి కొట్టి మాయమైంది. ఏడాదిగా పడ్డ అవమానమంతా దానితోపాటే కొట్టుకుపోయినట్టనిపించింది.

తిరుగుదారిలో గ్యాస్ స్టేషన్ దగ్గర రఘువీర్ పక్కకెళ్ళి ఎవరితోనో ఫోన్ మాట్లాడి వచ్చాడు. మొహాన ముసిముసి నవ్వు.

"ఓడిపోయాను బావా. వనభోజనాల్లో మైక్‌లో చెప్తా. ఫోటో కూడా గ్రూపులో పెట్టేస్తా. అక్క కూడా చూస్తుంది."

ఫణికి అప్పుడు వెలిగింది. "ఒరేయ్, వద్దురా! మీ అక్క నన్ను బతకనివ్వదు."

"పందెం పందెమే. ఎవరో ఒకరు మైక్ పట్టుకోవాలి. నేను చెప్పడం వద్దంటే, చేప అబద్ధమని నువ్వే మైక్ పట్టుకుని చెప్పు."

మరుసటి వారం ఆదివారం లేక్ ఒడ్డున వనభోజనాలు. ఉసిరిచెట్టు దొరక్క, ఇండియన్ స్టోర్‌లో కొన్న ఫ్రోజెన్ ఉసిరికాయల ప్యాకెట్టును ఓక్ చెట్టు కొమ్మకు కట్టి దానికే పూజ చేశారు. అటు త్రివేణి పులిహోర వడ్డిస్తోంది. ఇటు రఘువీర్ ఫోన్ పైకెత్తి 'పెట్టనా?' అన్నట్టు కనుబొమలు ఎగరేస్తున్నాడు.

ఫణి మైక్ అందుకున్నాడు. "పోయినేడాది నేను పట్టానన్న చేప... అబద్ధం. అసలు చేపే లేదు."

చప్పట్లు మోగిపోయాయి. "ఇన్నాళ్ళకి నిజం ఒప్పుకున్నాడండీ, మగాడు!" అని ఎవరో మెచ్చుకున్నారు. నిజం చెప్పి అబద్ధాలకోరు అనిపించుకున్నప్పటికంటే, అబద్ధం చెప్పి నిజాయితీపరుడు అనిపించుకోవడం ఫణికి ఎక్కువ మండింది. వెళ్ళి దూరంగా బల్లమీద కూలబడ్డాడు.

త్రివేణి క్యారేజీ పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది. "ఇది గుర్తుపట్టారా?"

"మనదేగా."

"పోయిన శనివారం సాయంత్రం, పాపం పస్తున్నారేమోనని వేడివేడిగా వండి ఇందులోనే మీ ఆఫీసుకి తెచ్చాను. ఫ్లోర్‌లో ఎవరూ లేరన్నాడు సెక్యూరిటీ అతను. ఫోన్ చేస్తే ఎత్తరు. చుక్కేమో అక్కడే ఉంది. మీకేమైందోనని పార్కింగ్‌లో కూర్చుని ఏడ్చి, తమ్ముడికి ఫోన్ చేశాను." తన ఫోన్ తిప్పి చూపించింది. అందులో ఫణి, అతని చేతుల్లో చేప. "మైక్ ఐడియా నాదే."

ఫణికి గుండె కలుక్కుమంది. రఘువీర్ కోసం చూశాడు. వాడు లడ్డూ పట్టుకుని ఓక్ చెట్టు వెనక్కి తప్పుకున్నాడు.

"తప్పయిపోయింది త్రివేణీ. నిన్ను ఏడిపిస్తాననుకోలేదు."

"చేపను వదిలేశారు కదా?"

"వదిలేశా. మొహాన కొట్టి మరీ పోయింది."

"నా బంగారుతల్లి!" ఆమెకు నవ్వు ఆగలేదు. పక్కనే కూర్చుంది. "అయితే పోయినేడాదిది కూడా నిజమేనన్నమాట."

ఏడాదికి మొదటిసారి ఆ పాత చేపను ఒక మనిషి నమ్మింది. ఫణికి కళ్ళు చెమర్చాయి.

"ఒట్టు, నిజం! అసలు ఇది దాని ముందు పిల్లచేప. అదైతే ఇదిగో, ఇంత..." అంటూ రెండు చేతులూ బార్లా చాపబోయాడు.

త్రివేణి ఆ చేతుల్లో క్యారేజీ పెట్టేసింది.