మొదటి ముద్దతో

"ఎంత తిన్నా నీ ఒంటికి పట్టదేం?" అన్నారు మా ఆయన, నా వాచీ మోచేతి దాకా జారడం చూసి. అత్తగారు అందుకున్నారు. "తిండి మీద ధ్యాస ఉంటేగా. దానికెప్పుడూ ఆ బడి గొడవే." నాకు కోపం రాలేదు. అలసిపోయిన మనిషికి కోప్పడటం కూడా ఇంకో పనే.

నా క్లోమం దెబ్బతింది. తిన్నది అరిగించే ఎంజైములు అది సరిగా తయారుచెయ్యడం లేదని డాక్టరమ్మ వాటినే మాత్రలుగా రాసిచ్చింది, భోజనంతో వేసుకోమంది. ఒక్క పూటా మానలేదు. కంచాలు పెట్టగానే "మాత్ర వేసుకున్నావా?" అని ఆయనే గుర్తుచేస్తారు, ఆ మాట ఒప్పుకోవాలి. మింగేసి వడ్డనకి దిగుతాను. అత్తగారికి కూరముక్కలు మెత్తగా నలిపి పెట్టాలి, మా అమ్మాయి వద్దన్నవి ఏరి తియ్యాలి, ఆయనకి మారు వడ్డించాలి, మధ్యలో ఎవరికో ఉప్పు. అందరూ చేతులు కడుక్కున్నాక గిన్నెలు సర్దుతూ, అడుగున మిగిలింది పొయ్యిగట్టు దగ్గర నిలబడే తినేస్తాను. అయినా చిక్కిపోతూనే ఉన్నాను. బడిలో మేడమెట్లు ఎక్కేసరికి కళ్ళు తిరుగుతున్నాయి. "ఇంకో నెల చూసి ఉద్యోగం మానిపించేద్దాం" అని తల్లీకొడుకులు అనేసుకున్నారు కూడా. ఆ ఇంట్లో నాది అని చెప్పుకోవడానికి నాకున్నది బడిలో చెప్పే ఆ పాఠాలొక్కటే.

నిన్న డాక్టరమ్మ రిపోర్టులు చూసి, మోతాదు పెంచబోతూ ఆగింది.

"మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారు?"

"భోజనాలప్పుడేనండీ."

"ఎవరి భోజనాలప్పుడు?"

ఇంట్లో వరసంతా చెప్పాను. మాత్ర తిండితో కలిసి దిగితేనే పనిచేస్తుందని, నేను తినే వేళకి దాని పని అయిపోతుందని ఆవిడ విడమరిచి చెప్పింది. నేను చెప్పేది సైన్సు పాఠమే. ఎంజైము తాకనిదే తిండి అరగదని ఏటా పిల్లల చేత వల్లె వేయిస్తాను. అలాంటిదాన్ని, ఇన్నాళ్ళూ వాళ్ళు అన్నం తింటుంటే నేను మాత్ర మింగాను. అక్కడ నవ్వొచ్చింది. బస్సెక్కాక ఏడుపొచ్చింది. నా ఆకలికంటూ ఒక వేళ ఉంటుందన్న సంగతే నాకు తట్టలేదు.

ఇవాళ గిన్నెలన్నీ బల్ల మధ్యలో పెట్టి, నాకూ ఒక కంచం పెట్టుకుని కూర్చున్నాను. మొదటి ముద్దతో మాత్ర మింగాను. అత్తగారు గరిట వంక చూసి, నా వంక చూశారు.

"ఏంటివాళ, వడ్డించవా?" అన్నారు ఆయన.

డాక్టరమ్మ ఇలా తినమందని చెప్పొచ్చు. చెబితే ఇద్దరూ సరేనంటారు కూడా, జబ్బు మనిషి కదా అని. జబ్బు తగ్గగానే గరిట మళ్ళీ నా చేతికే వస్తుంది. రెండో ముద్ద కలుపుకున్నాను.

"నాకు ఆకలేస్తోందండీ" అన్నాను.