వంతెన మీద గవర్నరు

లైల్ హాగ్‌స్టాడ్‌ను మూడుసార్లు గవర్నరుగా ఎన్నుకున్న జనాన్ని నేనేమీ అనను. రెండుసార్లు నేనూ ఓటేశాను. ఆయన దగ్గర పంతొమ్మిదేళ్లు సెక్రటరీగా పనిచేసి, ఆయన సంగతంతా తెలిసీ వేశాను కాబట్టి ముందు నన్ను నేను తిట్టుకోవాలి.

ఆయన పైకొచ్చిన దారి ఒక్క మాటలో చెప్పొచ్చు. "చూద్దాం." కౌంటీ బోర్డులో ఉన్నప్పుడు రోడ్డు తూర్పు పక్కన వెయ్యమని సగం మంది, పడమర పక్కన వెయ్యమని సగం మంది వచ్చి కూర్చుంటే చూద్దాం అన్నాడు. ఆ రోడ్డు ఇప్పటికీ లేదు. రెండు పక్కలవాళ్లూ కలిసి ఆయన్ని సెనేట్‌కి పంపారు. అక్కడ ఓటు వెయ్యాల్సిన రోజు రాగానే ఆయనకి పంటినొప్పి వచ్చేది. ఆ పళ్లతోనే నవ్వుతూ గవర్నరయ్యాడు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. ఆయనకి వచ్చిన విద్య అదొక్కటే.

మాది పాడి రాష్ట్రం. నూనెతో చేసే మార్గరిన్‌ను వెన్న రంగులో అమ్మడం మా దగ్గర నేరం. తెల్లగా, కొవ్వొత్తి ముద్దలా ఉంటే అమ్ముకోవచ్చు. పసుపు రంగు కలిపితే జరిమానా. అందుకని ఆడవాళ్లు నది దాటి వెళ్లి, పక్క రాష్ట్రంలో పసుపుది కొని, కారు డిక్కీలో దుప్పటి కింద దాచి తెచ్చుకునేవాళ్లు. అరవై ఒకటి వసంతంలో ఆ నిషేధం ఎత్తేస్తూ శాసనసభ బిల్లు పంపింది. సంతకం పెడితే పాడి రైతులు దూరమవుతారు, తిప్పి పంపితే పట్నాల్లో ఆడవాళ్లు దూరమవుతారు. బిల్లు ఆయన బల్ల మీద అలాగే పడి ఉంది. గురువారంతో గడువు సరి.

సరిగ్గా అప్పుడే ఆయన భార్య ఆర్డిస్ కడుపులో గడ్డతో నదికి అవతల ఆసుపత్రిలో చేరింది. అలాంటి ఆపరేషన్ చేసే డాక్టరు అక్కడే ఉన్నాడు. మంగళవారం పదింటికి ముహూర్తం. మత్తు ఇచ్చే ముందు మొగుడు పక్కన ఉండాలని అడిగింది. అంతకుమించి ఏమీ కోరలేదు.

ఆఫీసు నుంచి ఆసుపత్రికి పావుగంట. కానీ మా చట్టం ప్రకారం గవర్నరు సరిహద్దు దాటితే, తిరిగొచ్చేదాకా, విడిగా ఎన్నికై ఆయన తర్వాతి పదవిలో ఉండే లెఫ్టినెంట్ గవర్నరే గవర్నరు. మా లెఫ్టినెంట్ గవర్నరు డ్వేన్ ప్రాక్‌నౌ అవతలి పార్టీవాడు, పైగా నలభై ఆవులున్నవాడు. రెండేళ్ల కిందట లైల్ చేపలు పట్టడానికి ఒక్క పూట నది దాటితే, ప్రభుత్వ ఉద్యోగులందరూ మధ్యాహ్నం గ్లాసుడు పాలు తాగాలని డ్వేన్ ఉత్తర్వు వేసి కూర్చున్నాడు. తిరిగొచ్చాక రద్దు చెయ్యమంటే లైల్ ఏమన్నాడో చెప్పక్కర్లేదు. నా వంతు పాలు ఇప్పటికీ కిటికీలో పూలమొక్క తాగుతోంది. ఆనాటి నుంచి లైల్ నది దాటలేదు.

సోమవారం సాయంత్రం గట్టిగా అడిగాను.

"ఇప్పుడే తేల్చెయ్యండి. సంతకం పెడితే పెట్టండి, తిప్పి పంపితే పంపండి. ఆ తర్వాత డ్వేన్ చేసేదేముంది? హాయిగా వెళ్లి ఆర్డిస్ పక్కన కూర్చోండి."

"తొందరెందుకు వెర్నా? గురువారం దాకా టైముందిగా."

"ఆపరేషన్ రేపండీ!"

"అదే ఆలోచిస్తున్నా. చూద్దాం."

సిరాబుడ్డి తీసి నెత్తిన పొయ్యాలనిపించింది.

మర్నాడు బిల్లు నా సంచిలో పెట్టుకుని, ఆయన్ని కారెక్కించి నేనే నడిపాను. వంతెన మధ్యలో సరిహద్దు తెలిపే ఇనప పలక ఉంటుంది. దాని దగ్గరికి రాగానే "ఆపు, ఆపు" అన్నాడు. దిగి, పలకకి జానెడు ఇవతల బూట్లు పెట్టి నిలబడ్డాడు. టైము తొమ్మిదీ ఇరవై.

"కారు బానెట్ మీద పెట్టి సంతకం చెయ్యండి," అన్నాను.

"గాలేస్తోంది వెర్నా. కాగితం ఎగిరిపోతుంది."

ఇంతలో అవతలి నుంచి ఒక పచ్చ కారు వచ్చింది. నడుపుతున్నావిడ చర్చి టోపీ పెట్టుకుంది. సరిహద్దు మీద సాక్షాత్తూ గవర్నరు నిలబడటం చూసి ఆవిడ ముఖం పాలిపోయింది. కారాపి, దిగి, ఎవరూ అడక్కుండానే డిక్కీ తెరిచింది.

"నలభై ఎనిమిది పౌన్లండీ," అంది ఏడుపు గొంతుతో. "మా ఆయనకి మాత్రం చెప్పకండి. ముప్ఫై ఆవుల్ని పితుకుతాం. ఇది చెవిన పడితే నన్ను కొట్టంలో పడుకోబెడతాడు."

లైల్ కళ్లు మెరిశాయి. "అంటే మీకు ఆవులూ ఉన్నాయి, ఇదీ కావాలి. మరి వచ్చే ఎన్నికల్లో ఎటు ఓటేస్తారమ్మా?"

నాకు ఒళ్లు మండింది. "ఈయన భార్యకి పదింటికి ఆపరేషన్," అని ఆవిడకి చెప్పాను. "అదిగో, ఆ ఎర్ర భవనంలో."

ఆవిడ కళ్లు తుడుచుకుని ఆయన్ని కిందా మీదా చూసింది. "మరి ఇక్కడ నా డిక్కీ చూస్తూ నిలబడ్డారేంటండీ? మా ఎద్దే నయం, గేటు తీస్తే కదులుతుంది."

లైల్ గడియారం చూసుకున్నాడు. "ఇంకా అరగంట ఉంది. చూ..."

మిగతాది వినలేదు. బిల్లూ కారు తాళాలూ ఆయన చేతిలో కుక్కి, ఆవిడ కారెక్కాను. ఆవిడ అక్కడికక్కడే కారు వెనక్కి తిప్పింది.

ఆర్డిస్‌ను అప్పటికే చక్రాల మంచం మీదికి మార్చారు. "వచ్చాడా?" అంది నన్ను చూడగానే.

"వంతెన దాకా వచ్చారు."

"ఏ వైపున్నాడు?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "మధ్యలో," అన్నాను.

కడుపు పట్టుకుని నవ్వింది. "ముప్ఫై రెండేళ్ల కాపురంలో సగం దూరం వచ్చాడన్నమాట. పోన్లే. నీ చెయ్యివ్వు."

ఆపరేషన్ గది తలుపు దాకా ఆ చెయ్యి వదల్లేదు.

పదీ ఇరవైకి లైల్ టోపీ చేత్తో పట్టుకుని ఆయాసపడుతూ వచ్చాడు. బిల్లేం చేశారని అడిగాను.

"వంతెన మీదికొచ్చిన ఒక పోలీసాయనతో డ్వేన్‌కి పంపించా. నేను దాటాక గవర్నరు ఆయనేగా! ఏం చేసినా ఆయన నెత్తినే."

ఆ ఉపాయం తట్టేదాకా వంతెన మీదే నిలబడ్డాడన్నమాట. ఆసుపత్రి అని కూడా చూడకుండా, పంతొమ్మిదేళ్లుగా దాచుకున్నవన్నీ తిట్టాను. తల వంచుకుని విన్నాడు.

పదకొండింటికి డ్వేన్ బిల్లు తిప్పి పంపాడు. పన్నెండింటికి డాక్టరు బయటికొచ్చి, ఆర్డిస్ ఇక లేదన్నాడు.

పట్నాల ఆడవాళ్లు డ్వేన్‌ను తిట్టుకున్నారు. రైతులకి లైల్ మీద కోపమే లేదు. భార్య పోయినవాడని రెండు వైపులా జాలిపడ్డారు. మరుసటి ఏడు మూడోసారి, మునుపెన్నడూ లేనంత మెజారిటీతో గెలిచాడు. ఈసారి నేను ఓటెయ్యలేదు.

ప్రమాణస్వీకారం రోజు, జనం వెళ్లిపోయాక అడిగాడు. "ఆ రోజు ఆర్డిస్ నా గురించి ఏమైనా అడిగిందా?"

"వంతెనకి ఏ వైపున్నారని అడిగింది."

"నువ్వేం చెప్పావు?"

"మధ్యలో అన్నాను."

కిటికీలోంచి నది వైపు చూశాడు. ఆ దిక్కుమాలిన మాట మళ్లీ అంటాడేమోనని పళ్లు బిగించుకుని కూర్చున్నాను.

"మధ్యలో కాదు వెర్నా," అన్నాడు. "జానెడు ఇవతలే ఉన్నాను."

నేను చూస్తుండగా ఆయన ఎటు వైపున్నాడో తేల్చి చెప్పడం అదే మొదటిసారి.