మెడ ఒకరిది, ఒళ్ళు ఒకరిది

నేను ఒక ఎలక్ట్రిక్ గిటారును. 'ఒక' అన్న మాట దగ్గరే నాకు తడబాటు. ముప్ఫై నాలుగేళ్ళు రెండు ముక్కలుగా, రెండిళ్ళలో బతికాను. అందులో ఏ ముక్క నేనో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. రెండు చోట్ల జరిగినవీ నాకెలా గుర్తున్నాయని మాత్రం అడగకండి.

పుట్టింది జపానులో, పందొమ్మిది వందల అరవై ఏడులో. చిన్న చేతులవాళ్ళ కోసం నన్ను పొట్టిగా చేశారు. మామూలు గిటారుకు తీగ ఇరవై ఐదంగుళాలుంటే నాకు ఇరవై రెండే. మెడ మీది మెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి వేళ్ళు ఎక్కువ సాగనక్కరలేదు. మెడను ఒంటికి జిగురుతో అతికించకుండా వెనకనుంచి నాలుగు స్క్రూలతో బిగించారు. చవకలో అవుతుందని చేసిన పని అది. ఆ పొదుపు నా బతుకును ఏం చేసిందో చెబుతాను.

మద్రాసు రేవులో ఒక నావికుడి దగ్గర నన్ను కొన్నది గుంతకల్లు రైలింజను డ్రైవరు, ఆంగ్లో-ఇండియన్ క్లారెన్స్ దొర. ఆయనవి పారల్లాంటి చేతులు. ఒక మెట్టు నొక్కబోతే రెండు నొక్కుకునేవి. అయినా నేనంటే ప్రాణం. చిన్న చేతులవాళ్ళ కోసం చేసినదాన్ని అంత భారీ మనిషి ఎందుకు కొన్నాడో నాకు అర్థం కాలేదు. మనుషుల విషయంలో నా అయోమయం అక్కడే మొదలైంది.

డెబ్భై తొమ్మిదిలో దొర కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ, ప్లాట్‌ఫారం మీద నన్ను ఇద్దరి చేతుల్లో పెట్టాడు. ఒకరు గార్డు ఏసుపాదం గారి కూతురు కెజియా. పందొమ్మిదేళ్ళది, పిడికెడంత చేయి. రెండోవాడు స్టేషన్ రోడ్డులో రేడియోలు బాగుచేసే మస్తాన్ వలి. రైల్వేవాళ్ళ క్లబ్బైన ఇన్‌స్టిట్యూట్‌లో దొర నడిపిన చిన్న బ్యాండులో ఇద్దరూ ఉండేవారు.

"మీరు ఇద్దరూ పెట్టుకో" అన్నాడు దొర తన తెలుగులో. ఇద్దరూ ఎలా పెట్టుకోవాలో చెప్పేలోపు బండి కదిలిపోయింది.

తర్వాతి ఐదేళ్ళు నా జీవితంలో మంచి రోజులు. కెజియా వేళ్ళు నా మెట్ల మీద ఇంట్లో నడిచినట్టు నడిచేవి. మస్తాన్ ఒక పాత వాల్వు రేడియోను విప్పి నాకు ఆంప్లిఫయరు చేశాడు. తీగల కింద చప్పుడును పట్టే నా కాయిలు తెగిపోతే వెంట్రుకంత సన్నని రాగి తీగ సంపాదించి, మూడు రోజులు కూర్చుని వేల చుట్లు చుట్టాడు. లెక్క తప్పుతుందని ఎవరితోనూ మాట్లాడలేదు. కెజియా వచ్చి ఎదురుగా స్టూలు మీద కూర్చుని, ఆమె కూడా మాట్లాడలేదు.

ఎనభై నాలుగులో ఆమెకు ఆదోని బడిపంతులుతో పెళ్ళి కుదిరింది. ఆ సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ హాలులో ఆ ఇద్దరే ఉన్నారు.

"గిటారు నాతో తీసుకపోతా" అంది కెజియా.

"అదెట్లా? దొర ఇద్దరికీ ఇచ్చినాడు కదా."

"నీకు వాయించనీకే రాదు. ఏం చేసుకుంటావు?"

"వాయించేది నువ్వే. పలికించింది ఎవరు?"

"అయితే ఉంచుకో. నీకు గిటారే కదా కావాల్సింది!"

"నాకేం కావల్లో నువ్వెప్పుడన్నా అడిగినావా?"

మస్తాన్ జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. తీగలు వదులు చేసి తీసేశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు స్క్రూలు. మెడ ఆమె చేతుల్లో పెట్టి, నా ఒళ్ళు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. గిటారు కోసం మొదలైన గొడవలో ఇద్దరికీ గిటారు లేకుండా పోయింది. అసలు ఆ గొడవ దేనికోసమో నాకు తెలియదు. వాళ్ళకైనా తెలుసా అని నా అనుమానం.

అక్కడినుంచి నా ఒళ్ళు రేడియో కొట్టులో మేకుకు వేలాడింది. రేడియోలు పోయి టీవీలు, టీవీలు పోయి సెల్‌ఫోన్లు వచ్చాయి. ఎవరడిగినా "అమ్మేది కాదు" అనేవాడు మస్తాన్. మెడ ఆదోనిలో బీరువా మీద పడుకుంది. పిల్లలు బడికి పోయాక కెజియా అప్పుడప్పుడు దాన్ని దించి, తీగల్లేని మెట్ల మీద వేళ్ళు నొక్కేది. చప్పుడే లేని పాట ఎందుకో నాకు బోధపడలేదు. భర్త పోయాక ఆమె గుంతకల్లు తిరిగొచ్చి, కొట్టుకు నాలుగు వీధుల అవతల ఇల్లు తీసుకుంది. ఎనిమిదేళ్ళు గడిచాయి. ఎదురైతే ఇద్దరూ తలలు తిప్పుకునేవారు.

ఒకరోజు నిహాంత్ అనే యువకుడు హైదరాబాదు నుంచి వచ్చాడు. పాత పొట్టి గిటార్లు సేకరించడం అతని పిచ్చి. మేకుకు వేలాడే నా ఒంటిని చూసి కళ్ళు పెద్దవి చేశాడు.

"సార్, దీని మెడ దొరికితే ఎంతైనా ఇస్తాను. నా దగ్గర అద్దాల గది ఉంది. దుమ్ము కూడా పడదు."

మస్తాన్ కొట్టు మూసి, నా ఒంటిని గోనెసంచిలో చుట్టి బయలుదేరాడు. నిహాంత్ వెనకే నడిచాడు.

తలుపు తీసిన కెజియా ఇద్దరినీ చూసింది. సంచిని చూసింది. లోపలికి పోయి మెడ తెచ్చింది.

సులువుగా అతుక్కుంటాననుకున్నాను, కుదరలేదు. తీగల లాగుడు లేక మెడ కాస్త వెనక్కి వంగిపోయింది. స్క్రూల రంధ్రాలు వదులయ్యాయి. మస్తాన్ కొన్ని అగ్గిపుల్లలకు జిగురు రాసి రంధ్రాల్లో కూరి, ఆరేదాకా మెడను గట్టిగా పట్టుకున్నాడు. అవతలి కొస ఆమె పట్టుకుంది. సాయంత్రానికి నిహాంత్ దగ్గరున్న తీగలు ఎక్కించి బిగించారు. కెజియా వాయించింది. చిటికెనవేలు రెండుసార్లు జారింది. శ్రుతి కూడా నిలవలేదు.

"ఇప్పుడు చెప్పండి, ఇది ఎవరిది? ఎవరితో మాట్లాడాలి?" అన్నాడు నిహాంత్.

"నాది కాదప్పా, ఆయమ్మది" అన్నాడు మస్తాన్.

"నాదేంది? కాయిలు చుట్టింది ఆయప్ప. ఆయప్పదే" అంది కెజియా.

"అమ్మాలన్నా, వద్దన్నా ఆయమ్మే చెప్పల్ల."

"ఆయప్పనే అడుగు నాయనా."

నిహాంత్ గంటసేపు ఆ ముఖం నుంచి ఈ ముఖానికి చూసి, ఒక ఫొటో తీసుకుని రాత్రి బండికి వెళ్ళిపోయాడు. పాపం, అతనికీ ఏమీ అర్థం కాలేదు. 'నాది' అని ఇద్దరూ అన్నప్పుడు ముక్కలయ్యాను. 'నాది కాదు' అని ఇద్దరూ అంటున్నప్పుడు ఒక్కటిగా నిలిచాను. ఇందులో లెక్క ఎక్కడుందో నేనూ కనిపెట్టలేకపోయాను.

ఇప్పుడు కొట్టులో ఉంటున్నాను. శనివారం మధ్యాహ్నం చర్చిలో పిల్లలకు పాటలు నేర్పి కెజియా వస్తుంది.

"కాయిలు గుయ్యిమంటాంది. ఏం చుట్టినావో ఏమో."

"కాయిలు బాగానే ఉండాది. నీ వేళ్ళే మొద్దుబారినాయి."

మొదట్లో ఈ మాటలకు బెదిరిపోయేదాన్ని. మళ్ళీ గొడవేమోనని. కానీ తిట్టుకుంటూనే టీ తాగుతారు, టీ తాగుతూనే తిట్టుకుంటారు. పొద్దువాలాక ఆమె నన్ను అతని చేతికిచ్చి చెప్పులు తొడుక్కుంటుంది.

"వచ్చే వారం వస్తావా?" అంటాడు మస్తాన్, నా వైపు చూస్తూ.

"ఏమో" అంటుంది ఆమె, వీధి వైపు చూస్తూ.

ప్రతి వారం ఏమో అంటుంది, ప్రతి వారం వస్తుంది. గుంతకల్లులో ఏమో అంటే అవునని అర్థం కాబోలు.