తెల్లకణాలూ, మా అన్నా

మా అన్న సింహాచలానిది మోటు చెయ్యి. వల లాగినా, ఒకడి దవడ పగలగొట్టినా అదే చెయ్యి. మా ఊరు మార్కండి ఒడ్డుకు దగ్గర్లో కెరటం పడవను తిరగేసినప్పుడు, నా మొగుడు ఈశ్వర్‌ను జుట్టు పట్టి లాక్కొచ్చిందీ ఆ చెయ్యే. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! మునిగినవాణ్ణి బోర్లించిన పడవ మీద పడేసి, నీళ్లు కక్కేదాకా వీపు మీద గుద్దడం మా పేటలో అలవాటు. అన్న గుద్దాడు. ఈశ్వర్ పొద్దున తిన్న చద్దన్నమంతా కక్కి, అందులో సగం ఊపిరితో మళ్లీ లోపలికి పీల్చుకున్నాడు. బతికాడని అందరూ ఈలలు వేశారు.

సాయంత్రానికి పెదాలు నల్లబడ్డాయి. బరంపురం ఆసుపత్రిలో నోట్లోంచి గొట్టం దింపి, ఊపిరి కొట్టే మిషన్ తగిలించారు. మర్నాటికి ఇంకా పాడయ్యాడు. నాకు ఒళ్లు మండిపోయి డాక్టరమ్మ అరుణను నిలదీశాను.

"కడుపులోని పులుపు ఊపిరితిత్తుల్లోకి దిగిందమ్మా. దాన్ని తరమడానికి రక్తంలోని తెల్లకణాలు గుంపుగా వచ్చి పడ్డాయి. అవి మనల్ని కాపాడేవే. కానీ ఇప్పుడు వాటికి తనా పరా తెలియడం లేదు, ఊపిరితిత్తుల్నే చీల్చేస్తున్నాయి. అందుకే లోపల నీరు నిండుతోంది."

"మరయితే ఆటిని సంపీండి!"

"చంపితే రేపు ఏ రోగమొచ్చినా అడ్డం పడేదెవరు? అవి చల్లబడేదాకా ఈ మిషనే ఊపిరి. ఇది ఊడితే మనిషి దక్కడు."

ఆ మాట పూర్తికాలేదు, తలుపు ధడేల్మని గోడకు కొట్టుకుంది. అన్న, వెనకాల పేట మగాళ్లంతా.

"ఒడ్డు మీద బతికినోడు ఈడకొచ్చి సచ్చిపోతాడేటి? ఏటి సూది పొడిసేరే మా బావకి?"

అన్న కొట్టిన ఒక్క దెబ్బకు మూతి పగిలి డాక్టరమ్మ నేల మీద పడింది. మందుల బల్ల బోర్లాపడింది. గాజుముక్కల మీద నర్సును ఈడ్చారు, మోచేతుల నుంచి నెత్తురు కారింది. ఆ తొక్కిసలాటలో అన్న కాలికి చిక్కుకుని మిషన్ గొట్టం ఊడిపోయింది. మిషన్ కీమని అరిచింది. ఈశ్వర్ ఒడ్డున పడ్డ చేపలా ఎగిరెగిరి పడ్డాడు.

"గొట్టం ఊడిపోనాదిరా! ఒగ్గండిరా!"

నేను ఎంత అరిచినా ఎవడూ వినలేదు. అన్న మళ్లీ డాక్టరమ్మ మీదికి చెయ్యెత్తాడు.

"నీ సెయ్యిరిగిపోనూ!" అని ఇనప స్టూలు ఎత్తి, ఆ చెయ్యి మీదే బలంకొద్దీ మోదాను. ఎముక పటుక్కుమంది. పేట మగాళ్లంతా వెనక్కి తగ్గారు. డాక్టరమ్మ నెత్తురు ఉమ్మేస్తూ పాకి వెళ్లి గొట్టం తగిలించింది. మళ్లీ ఈశ్వర్ ఛాతీ లేచింది.

వరండాలో అన్న చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "బావని కాపాడుకుందారనే ఒచ్చేను సెల్లీ."

"ఆడి రొమ్ములో పడ్డయ్యీ అందుకే ఒచ్చేయంట" అన్నాను. పోలీసులకు అన్న పేరు చెప్పింది కూడా నేనే.

వారం దాటాక గొట్టం తీశారు. ఈశ్వర్ గొంతు బొంగురుపోయింది. నా చెయ్యి పట్టుకుని మొట్టమొదట అడిగింది ఇదే: "బావేడే? ఆడి సెయ్యే కదా నన్ను గట్టెక్కించినాది."

ఆ చెయ్యి ఇక వల లాగలేదని ఎలా చెప్పను?